లా చదువుతానంటున్న పిల్లల పేరెంట్స్‌కి, మిగతా అందరికీ కూడా

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

పోయిన మీటింగ్‌లో టెన్త్ పిల్లల అమ్మానాన్నలు కొందరు అడిగారు, మేడం మావాడు ఇంజనీరింగ్ వద్దు లా చదువుతా అంటున్నాడు, అసలు అందులో ఏముంటుంది అని. ఆరోజు టైం లేక సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ నెల ఉత్తరంలో ఒక పెద్దాయన గురించి రాస్తున్నా, జస్టిస్ కురియన్ జోసెఫ్ గారు, సుప్రీంకోర్టు జడ్జిగా చేసి రిటైరయ్యారు.

వాళ్లది కేరళ, ఆదిశంకరులు పుట్టిన కాలడి దగ్గర ఊరు. సిరో మలబార్ చర్చికి, అంటే కేరళలోని ఒక క్యాథలిక్ చర్చికి చెందిన కుటుంబం, చదివింది మాత్రం కాలడిలో శ్రీ శంకర కాలేజీలో, ఆ తర్వాత తిరువనంతపురంలో లా. 1979లో కేరళ హైకోర్టులో ప్రాక్టీస్ మొదలుపెడితే జడ్జి అయ్యేసరికి 2000 వచ్చింది, అంటే ఇరవై ఏళ్లకి పైగా లాయర్‌గానే ఉన్నారన్నమాట. డిగ్రీ అవ్వగానే కుర్చీ వస్తుందనుకునే పిల్లలకి ఇది ముందే చెప్పాలి. 2010లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్, 2013 మార్చిలో సుప్రీంకోర్టు, 2018 నవంబర్‌లో 65 నిండాయని రిటైర్‌మెంట్.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది, నేను చెప్పాలనుకున్నది వేరే. 2015 ఏప్రిల్‌లో హైకోర్టు చీఫ్ జస్టిస్‌ల కాన్ఫరెన్స్ ఢిల్లీలో పెట్టారు, మొదలయ్యేది సరిగ్గా గుడ్ ఫ్రైడే రోజు, ముగిసేది ఈస్టర్ రోజు. ఈయన అప్పటి చీఫ్ జస్టిస్ దత్తు గారికి లెటర్ రాశారు, దీపావళికో దసరాకో ఈద్‌కో ఇలాంటివి పెట్టం కదా, మరి ఈ రోజులకి ఎందుకు అని. కాన్ఫరెన్స్ ఆగలేదు. ప్రధానమంత్రి గారి డిన్నర్‌కి కూడా రాలేనని రాసి, కేరళలో తన ఇంటివాళ్లతోనే ఉండిపోయారు. అంత పదవిలో ఉండి, పైవాళ్లకి ఇబ్బంది అని తెలిసి కూడా మర్యాదగా అడగటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

కొంతమంది అప్పుడు ఈయన మతం పట్టుకుని వేలాడుతున్నారు అన్నారు. కానీ 2017 ఆగస్టులో ట్రిపుల్ తలాక్ కేసు, అంటే ముస్లిం భర్త ఒకేసారి మూడుసార్లు తలాక్ అని భార్యకి విడాకులిచ్చే పద్ధతి మీద కేసు చూడండి, అయిదుగురు జడ్జిలు, ఒక్కొక్కరు ఒక్కో మతం, తీర్పు 3:2తో వచ్చింది. ఆ పద్ధతిని కొట్టేయాలన్న ముగ్గురిలో ఈయన ఒకరు, దానికి ఈయన చూపించిన దారి ఏంటంటే ఖురాన్ వాక్యాలే, ఖురాన్ తప్పన్నది షరియత్‌లో, అంటే ముస్లిం ధర్మశాస్త్రంలో ఒప్పు ఎలా అవుతుంది అని విడిగా తీర్పు రాశారు. తన ప్రార్థన తను వదలని మనిషి ఎదుటివాళ్ల గ్రంథాన్ని కూడా అంతే గౌరవంగా తెరిచి చదివారు, మన పిల్లలకి కావాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం.

2018 జనవరి 12న నలుగురు సీనియర్ జడ్జిలు ప్రెస్ ముందుకొచ్చి సుప్రీంకోర్టులో వ్యవహారం సరిగ్గా లేదన్నారు గుర్తుందా, మన కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారింట్లో, అందులో ఈయనా ఉన్నారు. రిటైర్ అయ్యే ముందు రోజు కూడా ఒక ఉరిశిక్షని యావజ్జీవంగా మార్చిన తీర్పులో, అసలు ఉరి అవసరమా అని మళ్లీ ఆలోచించాలని రాశారు, పక్కనున్న ఇద్దరు జడ్జిలు శిక్ష తగ్గించడానికి ఒప్పుకున్నారు గానీ ఆ మాటకి ఒప్పుకోలేదు, అయినా రాశారు. ఇప్పటికీ చర్చి సభల్లో మాట్లాడుతుంటారు, 2025లో తమిళనాడు ప్రభుత్వం రాష్ట్రాల హక్కుల మీద వేసిన కమిటీకి ఆయనే హెడ్.

టీచర్లతో మాట్లాడి ఒకటి అనుకున్నాం, ఈ ఏడాది నుంచి గుడ్ ఫ్రైడే, రంజాన్, దీపావళి, ఏ పండగైనా సరే ఆరోజు స్పెషల్ క్లాసు గానీ స్లిప్ టెస్ట్ గానీ ఉండదు. క్యాలెండర్‌లో ఏదైనా మిస్ అయితే చెప్పండి ప్లీజ్, మొహమాటపడొద్దు.

లా విషయానికొస్తే, ఇంటర్ ఏ గ్రూప్ అయినా పర్లేదు, అయిదేళ్ల కోర్సు ఉంది. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ లాంటి లా యూనివర్సిటీలకి క్లాట్ అనే ఎంట్రన్స్ రాయాలి, మామూలు లా కాలేజీలకి లాసెట్ అనే ఎంట్రన్స్. ఇంట్రెస్ట్ ఉన్న తొమ్మిది, పది పిల్లల్ని ఒక పూట కోర్టుకి తీసుకెళ్లి వాదనలు చూపిద్దామనుకుంటున్నాం, పర్మిషన్ కోసం లెటర్ పెడుతున్నాం. పేర్లు ఈ శనివారం లోపు క్లాస్ టీచర్‌కి ఇవ్వండి, మీలో లాయర్లు ఎవరైనా ఉండి పిల్లలతో పాటు వస్తామంటే ఆఫీసులో చెప్పండి.

మీ హెడ్ మేడం