హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 20 దగ్గర పడుతోంది. ప్రపంచ దోమల దినం అనగానే మా బేగంపేటలో బ్రిటిష్ డాక్టర్ సర్ రోనాల్డ్ రాస్ పేరు వినిపిస్తుంది. వినిపించాల్సిందే. 1897లో అదే తేదీన, అప్పటికి సికింద్రాబాద్ శివారైన ఈ బేగంపేటలోనే, ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. పంకా ఊపితే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే కూర్చుని పనిచేశాడు. చెమటకు మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి.

నా బాధ ఇంకొకరి గురించి. ఆ దోమలు రక్తం తాగింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దగ్గర. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఆగస్టు 16న పది దోమలు, పది అణాలు.

ముప్పయ్యేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. వేలి కొసన సూది గుచ్చి, స్లైడ్ మీద రక్తం చుక్క పులిమి ఆరబెట్టి, రంగు వేసి, నూనె చుక్క పెట్టి వెతుకుతుంటే ఎప్పుడో ఒకసారి సన్నటి నెలవంక కనిపిస్తుంది. అది ఫాల్సిపారం అనే రకం మలేరియా క్రిమి గేమెటోసైట్, అంటే దాని లైంగిక దశ. దోమలోకి వెళ్లి పెరిగేది అదే. గేమెటోసైట్లు లేకపోతే, రోగి జ్వరంతో మూలుగుతున్నా సరే, దోమకు అంటుకునేదేమీ ఉండదు. హుసేన్ ఖాన్ రక్తంలో ఆ నెలవంకలు ఉన్నాయి. రాస్‌కి కావలసింది అలాంటి మనిషే. అంతకుముందు రెండేళ్లు వేరే జాతి దోమల్ని కోసీ కోసీ విసిగిపోయాడాయన. సరైన దోమ, సరైన రోగి ఒక్కచోట దొరికింది ఇక్కడే.

కిందటేడు మా కాలనీలో పిల్లలకు క్విజ్ పెట్టారు. రాస్ మీదే నాలుగు ప్రశ్నలు. చివర్లో నేను లేచి, ఆ దోమలతో కుట్టించుకున్నదెవరని అడిగాను. పెద్దవాళ్లు కూడా మొహాలు చూసుకున్నారు. ఆ పేరేమీ మరుగున లేదు, రాస్ తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నాడు. మనమే పలకడం మానేశాం. నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది.

బేగంపేట ప్రముఖులంటూ ఎవరు జాబితా రాసినా, బోర్డు పెట్టినా, రాస్ పక్కనే హుసేన్ ఖాన్ పేరు కూడా అదే సైజు అక్షరాల్లో రాయాలని నా విన్నపం. ఆ రోజు మీ పత్రికలో వ్యాసం వేస్తే, దయచేసి ఆయనకు ఒక్క పేరా ఇవ్వండి. ఈసారి క్విజ్‌కి మాత్రం మొదటి ప్రశ్న నేనే రాసిచ్చాను.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, బేగంపేట, హైదరాబాద్