మా కర్రోడికి మందు లేదన్నారు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఉద్దానం నుంచి ఒక జీడితోట రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అయ్యా, పశువుల ఆసుపత్రిలో కుక్కలకి కూడా మందులు ఇప్పించమని సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. మూడుసార్లూ రెండు వారాలు తిరక్కుండా నా ఫోనుకి 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఎవరూ మా ఊరు రాలేదు, ఎవరూ ఫోన్ చేసి ఏమ్మా అని అడగలేదు. మొదటి అర్జీ పెట్టిన రోజుకి మా కర్రోడు బతికే ఉన్నాడు. మూడోది పెట్టేసరికి వాడిని పనసచెట్టు కింద కప్పెట్టి నెల దాటింది.

కర్రోడంటే మా కుక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటని నేలమట్టం చేసిన వారానికి, కూలిన జీడిమాను కింద కుయ్‌మంటుంటే చీర కొంగులో వేసుకొచ్చాను. కర్రిగా ఉన్నాడని కర్రోడన్నాం. పిక్కలు ఏరే రోజుల్లో తెల్లారకముందే తోటకి పోవాలి. మా వైపు ఎలుగుల భయం తమరికి చెప్పనక్కర్లేదు, 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడిన సంగతి తెలుసు. వాడు ముందు నడిచేవాడు. వాడు ఆగి గుర్రుమంటే నేను ఆగిపోయేదాన్ని. నాకున్న కాపలా అదొక్కటే.

ఈ వేసవిలో వాడికి గోమార్లు, అదే పిడుదులు, పట్టాయి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడ మడతల్లో. రాత్రి అన్నాలయ్యాక గుమ్మంలో కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఫోన్ లైటు వేసి ఒక్కొక్కటే పీకి సబ్బునీళ్ల గిన్నెలో వేసేదాన్ని. రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బి ఉండేవి. ఒక రాత్రి నలభై ఏడు లెక్కపెట్టాను. మూడు రోజులు తిరిగేసరికి మళ్లీ అన్నీ ఉన్నాయి. కుక్క ఒంటి మీద పీకితే చాలదనీ, ఆడ గోమారి రాలి గోడ నెర్రెల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుందనీ, ఇల్లూ వాకిలీ కూడా శుభ్రం చేసుకోవాలనీ నాకు అప్పుడు తెలియదు. చెప్పేవాళ్లు లేరు.

తర్వాత జ్వరం పట్టుకుంది. గంజి ముట్టలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తాటిముంజల్లా తెల్లగా ఉన్నాయి. పొట్ట మీద ఎర్రటి చుక్కలు. నాలుగో రోజు ముక్కులోంచి రక్తం కారి గడప మీద బొట్లు బొట్లుగా పడింది. తడిగుడ్డతో తుడుస్తుంటే నా చెయ్యి నాకాడు.

పశువుల ఆసుపత్రికి ఎత్తుకెళ్లాను. "ఆవులకీ మేకలకీ వస్తాయమ్మా మందులు, కుక్కకి రావు" అన్నాడు అక్కడున్న అబ్బాయి. ఆ అబ్బాయిని నేను అననయ్యా. బీరువా తలుపు తీసి చూపించాడు, జ్వరానికి ఉన్న ఇంజక్షనే చేశాడు. రక్తం చూడాలంటే టౌనుకి పొమ్మన్నాడు. పలాస నుంచి శ్రీకాకుళం 70 కిలోమీటర్ల పైమాటే. ఆటో మాట్లాడుకుని వెళ్లాను. అక్కడ ప్రైవేటు డాక్టరు గారు రక్తం చూసి, ఇది గోమార్ల వల్ల వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు వెయ్యాలి, ముందే మొదలుపెట్టి ఉంటే బాగుండేది అన్నారు.

బాబూ, ఆ మాత్ర మనుషులకీ వాడేదే. మా ఊరి మందుల కొట్లోనే ఉంది. మా ఇంటికి వంద అడుగుల దూరంలో వాడి మందు ఉంది, అది వాడి మందని చెప్పే మనిషి మాత్రం 70 కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఆరో రోజు మాత్ర వేసిన రాత్రి వాడు పోయాడు.

మనుషులకే దిక్కు లేదు, కుక్కకేటి అంటారు మావాళ్లే. ఆ మాట నాకెవరూ చెప్పనక్కర్లేదు. మా ఆయన కిడ్నీ జబ్బుతోనే పోయారు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవడానికి ఏడాది ముందు. ఆయన పోయాక ఖాళీ మంచం కింద తొమ్మిది రోజులు పడుకున్నది కర్రోడే. మనిషి బాధ తెలిసినదాన్ని కాబట్టే అడుగుతున్నాను.

నా ఒక్కదాని గోడూ కాదు. మా వెనక వీధిలో పదో తరగతి చదివే కుర్రాడి కుక్క అయిదు పిల్లల్ని పెట్టింది. వానలు పడగానే ఆ పిల్లలకి పార్వో అనే వైరస్ జబ్బు తగిలింది. రక్తవిరేచనాలు, ఆ వాసన వీధంతా. ఆ కుర్రాడు రాత్రంతా సిరంజితో ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టాడు. మూడు రోజుల్లో నాలుగు పోయాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా పడాలట. ఆ టీకా కూడా మాకు దొరకలేదు.

ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల రోజని, కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. మంచి పని, కాదనను. అయితే ఊళ్లో నూటికి 70 కుక్కలకి పడితే గానీ రేబిస్ ఆగదని మీ శాఖవాళ్లే మైకులో చెప్తారు. ఆ ఒక్కరోజు పిలిస్తే ఎంతమంది తోలుకొస్తారు? గోమార్లకి మందు ఇస్తారు, పురుగుల మాత్ర వేస్తారు, జ్వరమొస్తే చూస్తారు అని తెలిస్తే ఏడాది పొడుగునా జనమే తెస్తారు. వచ్చిన కుక్కకి అక్కడే రేబిస్ టీకా వెయ్యొచ్చు. జంతువుల వల్ల మనిషికొచ్చే జబ్బులకి ఒక రోజు పెట్టారు, కుక్కకొచ్చే జబ్బుకి ఒక్క పూట లేదు.

మందులు పంపండి. రక్తం చూసే ఏర్పాటు మండలానికి ఒకటైనా చెయ్యండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడ చదివే పిల్లల్ని నెలకోసారి మా వైపు పంపినా చాలు. గోమార్ల మందు, పార్వో టీకా, మళ్లీ అడుగుతున్నాను, ముందు ఆ రెండూ పంపండి.

బతికిన ఆ ఒక్క పిల్లని ఆ కుర్రాడు మా ఇంట్లో వదిలి వెళ్లాడు. నాకు తోడుంటుందని. నిన్న రాత్రి దాని చెవి మడతలో ఒక గోమారి కనిపించింది. వచ్చే సోమవారం నాలుగో అర్జీ పెడతాను. ఈసారి మెసేజ్ వద్దు బాబూ, మనిషిని పంపండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక జీడి రైతు