నొప్పి మాత్ర కోసం రెండు వందల కిలోమీటర్లు

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ ఆసుపత్రులకు కొత్త మిషన్లు వస్తున్నాయని, కొత్త బ్లాకులు కడుతున్నారని మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. సంతోషం. విశాఖపట్నంలో 20 ఏళ్లకు పైగా ఈ వైద్యమే చేస్తున్నాను కాబట్టి వాటి అవసరం నాకు బాగా తెలుసు. కానీ జబ్బు ఇక నయం కాదని తేలిపోయిన మనిషి రాత్రుళ్లు ఎలా గడుస్తాయో ఎవరూ రాయడం లేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

కొంతకాలం కిందట ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక పెద్దామెను కొడుకు తీసుకొచ్చాడు. మా ఉత్తరాంధ్ర తీరంలో చాలామంది ఆడవాళ్లలాగే ఆమెకూ చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు. వెలుగుతున్న చుట్ట కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఏళ్ల తరబడి ఆ వేడి, పొగ తగిలి అంగిట్లో పుండు పడింది, అది క్యాన్సర్ అయింది. మా దగ్గరికి వచ్చేసరికి మెడ గడ్డల్లోకీ పాకింది. ఆపరేషన్‌కు వీల్లేదు. కీమో తట్టుకునే ఒళ్లు కాదు. ఆమె నన్ను ఎన్నాళ్లు బతుకుతానని అడగలేదు. "సావంటే బయం లేదు బాబూ, ఈ పోటు తగ్గించు సాలు" అంది. రెండు నెలలుగా గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడుపుతోందట.

మార్ఫిన్ మాత్రలు రాశాను. నాలుగు గంటలకొకటి, దాంతోపాటు మలబద్ధకం రాకుండా ఇంకో మందు. మర్నాడు పొద్దున్నే కొడుకు కంగారుగా ఫోన్ చేశాడు. అమ్మ ఇంకా లేవలేదట. ఊపిరి ఎలా ఉంది, పిలిస్తే పలుకుతోందా అని అడిగాను. పిలిచాడు. "ఇంకాసేపు తొంగోనీరా" అన్న ఆమె గొంతు నాకూ వినిపించింది. ఇన్నేళ్ల వైద్యంలో నాకు అంత తృప్తినిచ్చిన మాటలు తక్కువ.

ఒకప్పుడు నేను ఇలాంటివాళ్లకు ఈ పాటి సాయం కూడా చేయలేదు. చదువుకునే రోజుల్లో గడ్డను ఎలా కోయాలి, ఎలా కరిగించాలి అన్నదే మాకు చదువు. నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పినవాళ్లు లేరు. స్కాన్ బాగోలేకపోతే "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనేవాణ్ణి. ఆ మాట అనలేకపోయినప్పుడు ఇంకో కీమో రాసేవాణ్ణి. దానికోసం జీడితోట అమ్ముకున్న కుటుంబం నాకు ఇప్పటికీ గుర్తే. మనిషి నెలన్నరలో పోయాడు, ఆ నెలన్నరా వాంతులతోనే గడిచింది. ఆరోజు ఆ ఇంటివాళ్లను కూర్చోబెట్టి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చేసేదేమీ లేదని నేను పంపేసినవాళ్లకు నిజానికి చేయాల్సింది చాలా ఉండేదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

మార్ఫిన్ అనగానే మనవాళ్లకు నల్లమందు గుర్తొస్తుంది. నిజమే, అది నల్లమందు నుంచే వస్తుంది. మన వంటింటి గసగసాలు కాసే మొక్కే ఇదీ. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో రైతులు పండిస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఉన్నాయి. మన దేశం నల్లమందును విదేశాలకు ఎగుమతి కూడా చేస్తుంది. అలాంటి దేశంలో మన పల్లెల్లోని రోగులకు ఒక మాత్ర దొరకదు. క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా మార్ఫిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. ఖరీదైన మందు కూడా కాదు. అలవాటైపోతుందని ఇంటివాళ్లు భయపడతారు, డాక్టర్లూ భయపడతారు. నొప్పిని బట్టి మోతాదు చూసుకుంటూ ఇస్తే ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత మనిషి తేరుకుంటాడు.

చట్టం కూడా ఇప్పుడు అడ్డు కాదు. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం ఒక్క మందుకు వేర్వేరు శాఖల చుట్టూ తిరిగి లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది. విసిగిపోయి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటి ఉంటే చాలు. నొప్పి నివారణలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరు ఉండాలి, లెక్క సరిగ్గా రాయాలి. అంతే.

ఆ పెద్దామె కొడుకు తాపీ పని చేస్తాడు. రెండు వారాలకోసారి రాత్రి బస్సెక్కి విశాఖ వచ్చి మాత్రలు పట్టుకెళ్లేవాడు. రానూ పోనూ రెండు రోజుల కూలి పోయేది. ఒకసారి బస్సులు నడవక రాలేకపోయాడు. దగ్గర్లోని ఒక ఆసుపత్రికి నా చీటీ పట్టుకెళితే ఆ మందు తమ దగ్గర ఉండదని పంపేశారు. మందుల షాపువాళ్లు చీటీ చూసి కేసవుతుందన్నారట. ఆమె చివరి మూడు రోజులు మాత్ర లేకుండానే గడిచాయి. పెద్దకర్మ అయ్యాక ఆ అబ్బాయి వచ్చి చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ మూడు రోజులూ మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు సార్" అని మాత్రం అన్నాడు.

కేరళ ప్రభుత్వం 2008లోనే ఇలాంటి రోగుల కోసం ఒక విధానం ప్రకటించింది. అక్కడ నర్సులు ఇళ్లకే వెళ్లి చూస్తారు, ఊరివాళ్లు కూడా తోడుంటారు. తెలంగాణలోనూ జిల్లా ఆసుపత్రుల్లో ఈ సేవల కోసం కేంద్రాలు పెట్టారు. మన దగ్గర ఎందుకు కాదు? వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారిని, జిల్లా కలెక్టర్లను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. శ్రీకాకుళం మొదలుకొని పాడేరు వరకు ప్రతి జిల్లా ఆసుపత్రి, ప్రతి ఏరియా ఆసుపత్రి మార్ఫిన్ ఉంచడానికి గుర్తింపు తీసుకోవాలి. ఒక డాక్టరుకు, ఒక నర్సుకు శిక్షణ ఇప్పించాలి. మాత్రలు అయిపోకముందే తెప్పించుకునే బాధ్యత ఒక ఉద్యోగికి పేరు పెట్టి అప్పగించాలి. పాఠాలు చెప్పడానికి ఎక్కడికి రమ్మన్నా నేను వస్తాను, ఆదివారాలు నాకు వీలవుతుంది.

ఇట్లు,
ఒక క్యాన్సర్ వైద్యుడు,
విశాఖపట్నం