ముఖం కడిగితే పోని నిద్ర

సంపాదకులకు,

ఆర్యా,

తెల్లవారుజామున జాతీయ రహదారిపై లారీలను, బస్సులను ఆపి, డ్రైవర్లను దింపి, నీళ్లిచ్చి ముఖం కడిగించి పంపుతున్న పోలీసులను నేను స్వయంగా చూశాను. చలిలో నిలబడి ఆ పని చేస్తున్న కానిస్టేబుళ్లంటే నాకు గౌరవం. అయితే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వల్ల వచ్చే, నీళ్లతో పోని నిద్ర కూడా ఒకటుందనీ, డ్రైవర్ల విషయంలో దాన్ని రవాణా శాఖ గానీ వైద్య శాఖ గానీ పట్టించుకుంటున్నట్టు కనిపించడం లేదనీ చెప్పడానికే ఈ లేఖ.

మా తమ్ముడు 22 ఏళ్లుగా లారీ నడుపుతున్నాడు. విజయవాడ నుంచి ఇటు చెన్నై, అటు కోల్‌కతా అతని దారులు. మందు ముట్టడు. రెండేళ్ల క్రితం ఒంగోలు దాటాక, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, అతని లారీ డివైడర్ ఎక్కింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. తాగావా అని ఒకరు, రాత్రంతా మేలుకున్నావా అని మరొకరు అడిగారు. ఆ రోజు ఏడు గంటలు పడుకొనే బండెక్కానని అతను చెబితే ఎవరూ నమ్మలేదు. అసలు సంగతి బయటపెట్టింది క్లీనర్ కుర్రాడు. "అన్నా, గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి నీకు ఊపిరి ఆగిపోతుంది. కాసేపటికి ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తావు. భయమేసి ఒక్కోసారి నేనే కదుపుతాను" అన్నాడు. మా మరదలూ ఏళ్ల తరబడి అదే చూస్తోంది. కానీ గుర్రుపెట్టి పడుకున్నాడంటే ఒళ్లు మరిచి హాయిగా నిద్రపోయాడనే కదా మన ఇళ్లలో అనుకునేది! బడిలో 30 ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో కండ అదిరితే వచ్చే చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే పది సెకన్లు మొదలుకొని ఒక్కోసారి నిమిషం దాకా ఊపిరి ఆడదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి మనిషిని క్షణంపాటు లేపుతుంది. ఆ మెలకువ అతనికి గుర్తుండదు. ఊపిరి ఇలా ఆగడం, బాగా తగ్గిపోవడం గంటకు ఐదుసార్లలోపు అయితే సహజమనీ, 15 దాటితే ఒక మోస్తరు జబ్బనీ, 30 దాటితే తీవ్రమనీ వైద్యుల లెక్క. నిద్రలో ఊపిరిని గమనించే పరీక్షలో (స్లీప్ స్టడీ) మా తమ్ముడికి వచ్చిన సంఖ్య గంటకు 52. నిమిషానికోసారి తెగిపోయే నిద్ర ఏడు గంటలు పోయినా, ఆ మనిషి అలిసే లేస్తాడు.

గురక పెట్టే ప్రతివారికీ ఈ జబ్బు ఉండదు. కానీ గురక మధ్యలో ఊపిరి ఆగడం, పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు రావడం వంటివి తోడైతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బొద్దుగా ఉన్నవారిలో ఎక్కువే అయినా, దవడ చిన్నగా ఉన్న సన్నటివారికీ రావచ్చు. చికిత్స లేకపోతే రక్తపోటు లొంగదు, గుండె లయ తప్పుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మా తమ్ముడికి మూడు రకాల బీపీ మాత్రలు రాసి, మోతాదు పెంచుతూ పోయారే తప్ప, రాత్రి నిద్ర ఎలా ఉంటోందని ఒక్కరూ అడగలేదు. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి ముంబైలో కన్నుమూసినప్పుడు వైద్యులు ఈ జబ్బు పేరే చెప్పారు. పత్రికల్లో నాలుగు రోజులు వార్తలు వచ్చాయి, తర్వాత అందరం మరిచిపోయాం.

రవాణా వాహనం నడిపేవారు లైసెన్సు కోసం వైద్యుడి చేత ఫారం 1ఏ రాయించుకోవాలి. అందులో కంటిచూపు గురించి, వినికిడి గురించి ఉంది. నిద్ర గురించి లేదు. ఐదేళ్లకోసారి వచ్చే ఆ రెన్యువల్ వేళే నిద్ర గురించి అడగడానికి సరైన సమయం. 2008లో టొరంటోలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యులు, ఈ జబ్బును ముందే పసిగట్టేందుకు రోగులను అడగడానికి రూపొందించిన ఎనిమిది ప్రశ్నల పట్టికను నేడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. అందులో మెడ చుట్టుకొలత ఒకటి, దానికి దర్జీ టేపు చాలు. నిద్రలో మీకు ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నది ఇంకొకటి, దానికి జవాబు డ్రైవర్ చెప్పలేడు. భార్యనో క్లీనర్‌నో అడగాలి. ఈ ఒక్క ప్రశ్న ఎప్పుడో అడిగి ఉంటే మా తమ్ముడి జబ్బు ఆ ప్రమాదం దాకా దాగి ఉండేది కాదు.

అయితే అడిగినంత మాత్రాన నిజం బయటికి రాదు. లైసెన్సు పోతుందనే భయం ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు, ఎందుకంటే స్టీరింగే వారి తిండి. బ్రిటన్‌లో ఈ జబ్బు తీవ్రంగా ఉండి పగలు నిద్ర ముంచుకొచ్చేవారు లైసెన్సు అధికారులకు తెలియజేయాలి, చికిత్సతో అదుపులోకి వచ్చిందని తేలాక మళ్లీ నడపవచ్చు. మన నిబంధన కూడా అలాగే ఉండాలి: చికిత్స తీసుకున్నవాడి ఉద్యోగం పోదని ముందు రాసి, ఆ తర్వాతే ప్రశ్న అడగాలి.

చికిత్స ఉంది. ముక్కుకు తగిలించే మాస్క్ గుండా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా నిలిపే సీప్యాప్ యంత్రాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ 1981లోనే లోకానికి తెలియజేశాడు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం కూడా మేలు చేస్తాయి. మా వాడికి యంత్రమే అవసరమైంది. పరీక్షతో కలిపి 50 వేలకు పైగా చేతి డబ్బే పెట్టాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వారి ఆరోగ్య పథకంలో ఈ యంత్రం ఖర్చు తిరిగి ఇస్తారు. రాత్రంతా రోడ్డు మీదుండే లారీ డ్రైవర్‌కు అది ఎందుకు అందకూడదు? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లా ఆసుపత్రుల్లో నిద్ర పరీక్షను, తమ ఆరోగ్య పథకాల్లో ఈ యంత్రాన్ని అందుబాటులోకి తేవాలని కోరుతున్నాను.

తమ్ముడు ఇప్పుడు యంత్రాన్ని క్యాబిన్‌లో బ్యాటరీకి తగిలించుకొని పడుకుంటున్నాడు. మూడు మాత్రలు రెండయ్యాయి. అతన్ని నిద్రలో కదిపి లేపిన ఆ క్లీనర్ కుర్రాడు వచ్చే ఏడాది హెవీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. అప్పటికైనా ఆ ఫారంలో నిద్ర గురించిన ప్రశ్న ఒకటి ఉండాలి.

భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
విజయవాడ