పాత టోపీల అంచులు ఇక కత్తిరించం: మా కస్టమర్లకు కొన్ని మాటలు

మా దగ్గర పాత టోపీలు కొనేవాళ్లకూ, బాగు చేయించుకునేవాళ్లకూ ఒక నిర్ణయం చెప్పాలి. 1960కి ముందు తయారై, ఫెల్ట్ (వెంట్రుకలు పెనవేసి చేసిన దట్టమైన టోపీ గుడ్డ) ఇంకా గట్టిగా, అంచు చెక్కుచెదరకుండా ఉన్న టోపీల అంచును కత్తిరించి సన్నగా చేసే పని ఇకపై తీసుకోం. ఇప్పటికే ఒప్పుకున్న పనుల గురించి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతున్నాం. మాట ఇచ్చాం కాబట్టి, వాళ్లు చేయమంటే అవి పూర్తి చేసి ఇస్తాం. కొత్తవి మాత్రం ఒప్పుకోం.

ఇది మాకు మంచి రాబడి ఉన్న పని. వెడల్పు అంచు టోపీ కొని, ఇప్పటి బట్టల మీదికి నప్పేలా సన్నగా చేసివ్వమని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లలో చాలామంది మాకు పాత కస్టమర్లు. కారణం చెప్పకుండా "కుదరదు" అనేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకు రెండు రకాల ఉత్తరాలు వస్తుంటాయి. "నా డబ్బుతో కొన్న టోపీ, నాకు నచ్చినట్టు మార్చుకుంటే తప్పేంటి?" అని కొందరు. "పాత టోపీ మీద సూది పెట్టడమే తప్పు, రిబ్బన్ మార్చి అమ్మితే అది మోసం కాదా?" అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అయినా రెండిటినీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. నా వరకు చూసుకునేది ఒక్కటే: చేసిన మార్పును రేపు ఇంకొకరు వెనక్కి తీసుకోగలరా, లేదా? తీసుకోగలిగితే సంతోషంగా చేస్తాం. తీసుకోలేని మార్పయితే, ఆ టోపీ దానికి తగిన స్థితిలో ఉందో లేదో చూస్తాం.

ముందు అంచు సంగతి. ఫెల్ట్ నేసిన బట్ట కాదు. బీవర్, కుందేలు వెంట్రుకలను వేడి, తేమ, ఒత్తిడితో ఒకదానికొకటి పెనవేసుకునేలా చేస్తే వచ్చేది. అందులో పడుగూ పేకా లేవు కాబట్టి ఎక్కడ కోసినా దారాలు ఊడిరావు. ఈ సులువే అసలు చిక్కు. మంచి కత్తెర ఉంటే ఎవరైనా క్షణాల్లో కోసేయగలరు. కానీ ఆ కాలపు అంచు చదునుగా ఉండేది కాదు. చెక్క అచ్చు మీద వేసి, ఆవిరి పట్టి, వేడితో నొక్కి దానికి వంపు తెచ్చేవారు. ముందువైపు కిందికి వంచితే టక్కున వాలి నిలబడేది ఆ వంపు వల్లే. వంపు ఎక్కువగా బయటి భాగంలో ఉంటుంది. కోసినప్పుడు మొదట పోయేది ఆ భాగమే. మిగిలిన అంచు పలకలా నిలబడిపోతుంది. మళ్లీ వంపు తేవచ్చు కానీ, మొదటి తీరు రాదు.

ఇక అంచు చివర చేసిన పని వేరే. కొన్నిటికి చుట్టూ రిబ్బన్ కట్టి కుట్టేవారు. కొన్నిటికి అంచును మడిచి కుట్టేవారు. అమెరికాలో కావానా పేరుతో ప్రసిద్ధమైన అంచు ఒకటుంది. అందులో మడతను కుట్టకుండా, ఫెల్ట్‌లోనే కలిసిపోయేలా చేతితో మలిచేవారు. దగ్గర పెట్టుకుని చూసినా కుట్టు కనిపించదు, ఎందుకంటే అక్కడ కుట్టు లేదు. అలాంటి అంచును ఇప్పుడు మళ్లీ చేసివ్వగలిగేవాళ్లు చాలా అరుదు. దాన్ని కోసి చెత్తబుట్టలో వేయడానికి నా చెయ్యి రాదు.

చూడ్డానికి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 1940లలో టోపీ అంచు వెడల్పుగా ఉండేది, తల భాగం ఎత్తుగా ఉండేది. 1960లు వచ్చేసరికి అంచు సన్నబడింది, తల భాగం కూడా దానికి తగ్గట్టు పొట్టిదైంది. 1940ల టోపీకి అంచు మాత్రం కోస్తే, ఎత్తైన తల భాగం కింద సన్నటి అంచు మిగులుతుంది. అది ఏ కాలపు టోపీలానూ కనిపించదు. సన్న అంచు నచ్చితే 1960ల టోపీనే కొనుక్కోండి, అవి ఇంకా సులువుగానే దొరుకుతున్నాయి. వెడల్పు అంచుతో బాగున్నవే తగ్గిపోతున్నాయి. కోసిన అంచును ఎవరూ తిరిగి పెంచలేరు.

అయితే పాత టోపీని అస్సలు ముట్టుకోకూడదనే వాదన దగ్గర కూడా నేను ఆగిపోలేను. 1865లో జాన్ స్టెట్‌సన్ ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీకి పేరు తెచ్చిన 'బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్' టోపీనే చూడండి. తల భాగం గుండ్రంగా, మడత లేకుండా, అంచు చదునుగా ఉండేది. కొన్నవాళ్లు దాన్ని తమ ఇష్టప్రకారం నొక్కుకుని, వంచుకుని వాడుకున్నారు. ఆ మడతలు కంపెనీ పెట్టినవి కావు, తొడిగినవాళ్లు పెట్టినవి. కాబట్టి తల భాగంలో మడత మార్చమని అడిగితే మాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆవిరి పట్టి మార్చేస్తాం, మళ్లీ ఆవిరి పడితే పాతది తిరిగి వస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది: ఏళ్ల తరబడి ఒకే చోట పడిన మడతలో ఫెల్ట్ అరిగి, కాంతికి పట్టుకుంటే పల్చగా కనిపిస్తుంది. అలాంటి చోట మడత విప్పితే చిల్లు పడొచ్చు. అప్పుడు మేమే వద్దంటాం.

ఆడవాళ్ల టోపీల దగ్గరికొస్తే "అసలు రూపం" అనే మాటకు గట్టి హద్దు దొరకదు. వాటిని సీజన్ మారినప్పుడల్లా కొత్త రిబ్బన్, కొత్త పువ్వులు, కొత్త వల పెట్టి మళ్లీ అలంకరించుకోవడం మామూలు విషయం. బ్రిటన్‌లో 1941 జూన్‌లో బట్టలకు రేషన్ పెట్టినప్పుడు టోపీలను అందులో చేర్చలేదు. చేర్చకపోయినా సరుకు కొరత, డబ్బు కొరత ఉండనే ఉన్నాయి కాబట్టి ఉన్న టోపీనే మార్చి మార్చి పెట్టుకున్నవాళ్లు ఎందరో. అలాంటి టోపీ మా దగ్గరికొస్తే పాత రిబ్బన్ కింద ఇంకో రిబ్బన్ ఉన్నచోట వెలిసిపోకుండా మిగిలిన రంగు, ఒకప్పటి పువ్వు కుట్టిన సూది రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో ఏది అసలు? మొదటిదా, ఆమె చివరిదాకా ఇష్టంగా పెట్టుకున్నదా? కొందరు సేకరించేవాళ్లు పైపొర తీసేసి "మొదటి రూపం" తేవాలని అడుగుతారు. మొదటి రూపం ఎలా ఉండేదో చూపే ఆధారం లేకపోతే ఆ పని చేయం. ఊహించి పెట్టే రిబ్బన్ కన్నా, ఆ ఇంటావిడ తన చేత్తో కుట్టుకున్నదే నిజమైనది. కుట్లు వంకరగా ఉన్నా సరే.

కొత్తగా అలంకరించమంటే మాత్రం ఆనందంగా చేస్తాం. షరతు ఒక్కటే: జిగురు వాడం. దారంతో, వీలైనంతవరకు పాత రంధ్రాల్లోంచే కుడతాం. తీసిన ప్రతి ముక్కనూ కవర్లో పెట్టి టోపీతో పాటు ఇచ్చేస్తాం. వేడి జిగురు అంటిన పాత టోపీలు మా దగ్గరికి చాలా వస్తున్నాయి. దాన్ని తీయబోతే ఫెల్ట్ పైనున్న నూగు కూడా ఊడి వస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు నా మనవి ఇది: ఎంత తొందరున్నా జిగురు తుపాకీ పక్కన పెట్టి సూది తీసుకోండి.

ఈకల గురించి చాలామంది అడుగుతున్నారు. ఒక టోపీలోంచి ఈకలు తీసి ఇంకో టోపీకి పెట్టే పని చేయం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టోపీల కోసం తెల్లకొంగల్ని గూళ్లు పెట్టే కాలంలోనే చంపేవారు, ఆ కాలంలోనే వాటికి అందమైన ఈకలొస్తాయి కాబట్టి. దీన్ని ఆపాలని 1896లో బోస్టన్‌లో హారియెట్ హెమెన్‌వే, మిన్నా హాల్ తోటి ఆడవాళ్లను కూడగట్టారు. పక్షుల్ని కాపాడే మసాచుసెట్స్ ఆడబన్ సొసైటీ అలా మొదలైంది. అమెరికాలో 1918 వలస పక్షుల చట్టం కిందికొచ్చే పక్షుల ఈకలను, అవి చట్టానికి ముందువైనా సరే, అమ్మకూడదన్న నిబంధనను 1979లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. ఈక ఏ పక్షిదో తేల్చడం నిపుణులకే కష్టం. అందుకే ఈకలున్న పాత టోపీని శుభ్రం చేస్తాం, ఊడిన ఈకను ఉన్నచోటే కుడతాం, అంతకు మించి ముట్టుకోం. ఆ పక్షులు ఎప్పుడో చనిపోయాయి. వాటి ఈకల్ని విడదీసి మళ్లీ సరుకుగా మార్చడం నా మనసుకు నచ్చదు.

సైజు మార్పు చాలావరకు భయం లేని పనే. అమెరికన్ సైజుల్లో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ చుట్టుకొలత తేడా సుమారు 1 సెంటీమీటరు. లోపలి తోలు పట్టీ మెత్తగా ఉంటే ఆవిరితో, సాగదీసే పరికరంతో అంతమేర పెంచవచ్చు. అంతకు మించి సాగదీస్తే పట్టీ కుట్ల వెంట చిరుగుతుంది. తగ్గించడం ఇంకా తేలిక: పట్టీ వెనకాల సన్నటి ఫెల్ట్ ముక్కలు దూరిస్తే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. 1920ల క్లోష్ టోపీలు (తలకు అతుక్కుని గంట ఆకారంలో ఉండేవి) కొన్నవాళ్లు మాత్రం ముందు ఒకటి గమనించండి. అవి పొట్టి జుట్టు మీద, కనుబొమల దాకా దించి పెట్టుకోవడానికి చేసినవి. ఒత్తైన పొడవు జుట్టు మీద పట్టకపోవడం టోపీ తప్పు కాదు. జుట్టు దువ్వుకునే తీరు మార్చుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

ఆ తోలు పట్టీ గురించి ఇంకో మాట. చెమట మరకలున్నాయని దాన్ని పీకేసి కొత్తది వేయమంటారు. పట్టీ మీద తయారీదారు పేరు, అమ్మిన దుకాణం ముద్ర, ఒక్కోసారి సొంతదారు పేరు మొదటి అక్షరాలు ఉంటాయి. వెనక్కి తిప్పితే సైజు కాగితం, అమెరికన్ టోపీల్లో కార్మిక సంఘం లేబుల్ కనిపిస్తాయి. ఆ లేబుల్ మీద 'యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిల్లినరీ వర్కర్స్' అని ఉంటే అది 1934కి ముందుది కాదని తెలుస్తుంది, ఎందుకంటే టోపీల కార్మికుల సంఘమూ, క్యాప్‌లూ ఆడవాళ్ల టోపీలూ (మిల్లినరీ) చేసే కార్మికుల సంఘమూ కలిసింది ఆ ఏడే. పట్టీ తీసేస్తే ఇవన్నీ పోతాయి. అందుకే గట్టిగా ఉన్న పట్టీని శుభ్రం చేసి ఉంచుతాం. ఎండిపోయి పెళుసుగా రాలిపోతుంటే కొత్తది వేసి, పాతది మీకు ఇచ్చేస్తాం.

పట్టు టాప్ హ్యాట్లు, గడ్డి టోపీల్లో మా పని ఇంకా తక్కువ. టాప్ హ్యాట్ మీది పట్టు ప్లష్ (నూగున్న మెరిసే పట్టు బట్ట) ఇప్పుడు ఎవరూ నేయడం లేదు, లోపలి ఒళ్లు లక్క పట్టించిన బట్ట. ఆవిరి కాస్త ఎక్కువైతే లక్క మెత్తబడి ఆకారం పోతుంది. ఈక్వడార్‌లో టోకియా గడ్డితో నేసిన పనామా టోపీ పాతబడి ఎండితే, చుట్టబోయినా మడవబోయినా చిట్లుతుంది. వీటిలో మరమ్మతు తప్ప మార్పులు చేయం.

భద్రత గురించి ఒకటి చెప్పి తీరాలి. పాతకాలంలో వెంట్రుకలు బాగా పెనవేసుకోవడానికి పాదరసం నైట్రేట్ పట్టించేవారు. ఆ పని చేసినవాళ్లు చేతులు వణికే జబ్బుతో బాధపడ్డారు. అమెరికాలో 1941 డిసెంబరులో దాన్ని ఆపేశారు. అప్పటి ఫెల్ట్‌లో పాదరసం ఇంకా మిగిలి ఉండొచ్చు. పాత ఫెల్ట్‌ను ఇంట్లో గరుకు కాగితంతో రుద్దడం, ఆవిరి పట్టడం వద్దు. మేము గ్లవ్స్, మాస్క్ వేసుకుని, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉన్నచోటే చేస్తాం. ఇలాంటి టోపీలకు ఎక్కువ రోజులు పట్టేది అందుకే.

మరి దేన్ని కోస్తాం? చిమ్మటలు అంచు తినేసిన టోపీని, చిరిగినదాన్ని, అంచు ఇదివరకే ఎవరో కోసేసినదాన్ని నిస్సంకోచంగా కోస్తాం. తిన్నంతమేర తీసేసి మిగిలినదానికి కొత్త అంచు కడితే అది ఇంకొన్నేళ్లు తలమీద ఉంటుంది. అల్మరాలో పొడి అయిపోవడం కన్నా అదే మేలు. అంచు సన్నగానే కావాలనుకునేవాళ్లకు కొత్త ఫెల్ట్‌తో, మీ తల కొలతకు, మీరు ఇష్టపడిన పాత టోపీ రంగుకు దగ్గరగా కొత్తది చేసిస్తాం. ఇది ఇదివరకటి కన్నా నిదానంగా సాగే పని, కొందరు వేరే చోటికి వెళ్తారని తెలుసు. అయినా ఇలాగే చేయాలని నిర్ణయించుకున్నాం.

ఇకపై మేము అమ్మే ప్రతి పాత టోపీతో ఒక కాగితం వస్తుంది. ఏది అసలుది, ఏది మేము మార్చాం, ఏది మా కన్నా ముందు ఎవరో మార్చారు అని అందులో రాసి ఉంటుంది. "మోసం కాదా?" అని అడిగినవాళ్లకు మా జవాబు అదే. బాగు చేయడానికి పంపేవాళ్లు పైనుంచి, పక్కనుంచి, లోపలినుంచి తీసిన ఫోటోలు, తల చుట్టుకొలత, టోపీ ఎవరిదో తెలిస్తే ఆ సంగతి రాసి పంపండి. ఇవి లేకుండా వచ్చిన టోపీని చూసి పక్కన పెడతాం, మీతో మాట్లాడేదాకా దాని మీద పని మొదలుపెట్టం.