ఫ్లెక్సీ కట్టే కుర్రాడు, షింగెన్ డూపు

ఎడిటర్ గారికి నమస్కారం,

వీధుల్లో నాయకుల ఫ్లెక్సీల గొడవ మీద మీ పేజీలో వరసగా ఉత్తరాలు వస్తున్నాయి, అన్నీ చదువుతున్నా. అందరూ చివరికి తేల్చేది ఒకటే, జనం అమాయకులు, బొమ్మ చూసి నమ్మేస్తారు అని. నాకైతే అది సగమే నిజం అనిపిస్తోంది సార్. ఎందుకో చెప్పాలంటే ఒక పాత జపాన్ సినిమా దగ్గరికి వెళ్లాలి, కాస్త ఓపిక పట్టండి.

జపాన్ దర్శకుడు కురొసావా 1980లో తీసిన కాగెముషా, అంటే నీడ యోధుడు, డూపు అన్నమాట. కథ 1573 నాటిది. తకేదా షింగెన్ అనే పెద్ద ప్రభువు ఒక కోటని ముట్టడించి ఉంటాడు, లోపల ఎవరో రాత్రిపూట వేణువు వాయిస్తుంటే వినడానికి వెళ్లి తుపాకీ గుండు తగిలించుకుంటాడు. పోయే ముందు, నా చావు మూడేళ్లు బయటికి పొక్కనీయకండి, ఉన్నచోటు నుంచి కదలకండి అని చెప్తాడు. దాంతో అచ్చం ఆయనలాగే ఉన్న ఒక దొంగని, శిలువ ఎక్కాల్సినవాణ్ణి, పట్టుకొచ్చి గద్దె మీద కూర్చోబెడతారు.

ఇక్కడిదాకా మన డబుల్ యాక్షన్ సినిమాల్లాగే ఉంటుంది. ఆ తర్వాతే మజా. మనవడు పసివాడు, చూడగానే ఈయన మా తాతయ్య కాదు అనేస్తాడు. ఉంపుడుగత్తెలకేమో వీడే నోరు తెరిచి నేను డూపుని అని చెప్తే వాళ్లు పగలబడి నవ్వుతారు, జోక్ అనుకుని! నిజం చెప్పినా నమ్మరు, ఎందుకంటే ఆ సీట్లో కూర్చున్నాడు కదా.

నన్ను పట్టేసిన సీన్ మాత్రం రాత్రి యుద్ధం. వీడు గుట్ట మీద బొమ్మలా కూర్చుని ఉంటాడు, చేయాల్సిందల్లా కదలకుండా ఉండడమే. కింద చీకట్లో తుపాకులు పేలుతుంటాయి, చుట్టూ ఉన్న అంగరక్షకులు ఒకడి తర్వాత ఒకడు వీడికి అడ్డం పడి చచ్చిపోతారు. వీడు దొంగ అని వాళ్లకి తెలుసు సార్, రోజూ దగ్గరుండి చూసుకునేది వాళ్లే. అయినా ప్రాణాలిచ్చారు. ఆ శవాల్ని చూశాకే దొంగ మొహం మారుతుంది, అప్పటిదాకా వేషం, ఆ తర్వాత ఏమనాలో నాకు తెలీదు.

మా వీధి చివర ఫ్లెక్సీ షాపులో ఒక కుర్రాడున్నాడు. నాయకుడి తెల్ల జుట్టు కంప్యూటర్లో నల్లగా చేసేది వాడే, బుగ్గలు నింపేదీ వాడే. మొన్న సెంటర్లో అదే ఫ్లెక్సీ కడుతూ జారబోయాడు, కిందపడకుండా కాలు ఆనించుకోవాలంటే ఎదురుగా నాయకుడి మొహమే ఉంది, వాడు ఆ మొహం తప్పించి కాలు పక్కకి వేయబోయి ఇంకా జారాడు, మోచెయ్యి గీరుకుపోయింది. బొమ్మని అందరికంటే గట్టిగా నమ్మేది తయారు చేసినవాడే అని నాకు అప్పుడనిపించింది, జనాన్ని తర్వాత అనొచ్చు.

సినిమాలో చివరికి షింగెన్ గుర్రం వీణ్ణి కింద పడేస్తుంది, దానికి ఏ గద్దే పట్టదు. ఒంటి మీద ఉండాల్సిన పాత గాయం మచ్చ లేదని బయటపడి, వానలో తరిమేస్తారు. కొడుకు కత్సుయోరి తండ్రి మాట కాదని 1575లో నగషినోలో సైన్యాన్ని ముందుకి తోలాడు, శత్రు ప్రభువు నొబునాగా తుపాకులకి మొత్తం ఊడ్చుకుపోయింది. గుండ్లు తగలడం చూపించరు, మోత వినిపిస్తుంది, తర్వాత నేల మీద లేవబోయి లేవలేక కొట్టుకునే గుర్రాలు చూపిస్తారు, ఎంతసేపో. గడ్డిలో దాక్కుని చూస్తున్న దొంగ ఒక ఈటె పట్టుకుని ఒంటరిగా ఆ తుపాకుల మీదికి పరిగెత్తాడు. ఎవరూ పిలవలేదు, పైగా తరిమేసిన వాళ్ల కోసం.

నిన్న ఆ కుర్రాణ్ణి చెయ్యి ఎలా ఉందిరా అని అడిగా. తగ్గింది అంకుల్, పోయిన ఎలక్షన్ ఫ్లెక్సీల డబ్బులే ఇంకా పూర్తిగా రాలేదు అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు