పాఠకుల సంఘం వార్షిక నివేదిక: ‘మాలపల్లి’ తెరవడానికి ముందు

సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు, లైబ్రరీకి పుస్తకాలు ఇచ్చినవారికి నమస్కారం.

ఈ ఏడాది నివేదికలో ఎక్కువ భాగం ఒకే పని గురించి ఉంటుంది. ముందుగా మిగతా సంగతులు చెప్పేస్తాను. వానాకాలంలో రీడింగ్ రూమ్ పైకప్పు కారి రెండు అల్మారాల పుస్తకాలు తడిశాయి. సభ్యుల చందాలతో కప్పు బాగుచేయించాం. తడిసిన పుస్తకాల్లో ఎండబెట్టి దక్కించుకున్నవే ఎక్కువ. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉదయం కూడా గది తెరవమని అడుగుతున్నారు. తాళం తీసి కూర్చునే మనిషి దొరికితే తెరుస్తాం. ఎవరైనా ముందుకు రావాలని కోరుతున్నాం. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో అందరికీ ఇస్తాం.

ఇక ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల ‘మాలపల్లి’ సంగతి.

నిరుడు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో, ఇంటర్ పిల్లలతో కలిసి ఈ నవల చదవడం మొదలుపెట్టి నాలుగో ఆదివారానికే ఆపేశాం. నిరుటి నివేదికలో దాని గురించి ఒకే వాక్యం రాశాను: పిల్లలు ఆసక్తి చూపలేదు అని. ఆ వాక్యం తప్పు. కార్యదర్శిగా దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలకు ఆసక్తి ఉంది. వాళ్లడిగిన దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

జరిగింది ఇది. పుస్తకం తెరిచే ముందు నేపథ్యం తెలియాలి కదా అని రెండు గంటల ఉపన్యాసం పెట్టాం. 1857 నుంచి 1947 దాకా అన్నీ చెప్పాం. పిల్లలు నోట్సులు రాసుకున్నారు. రెండో వారం చదువుతుంటే పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “జీతం సరిపోకపోతే ఇంకో ఊళ్లో పనికి పోవచ్చు కదండీ? ఇంత గొడవ ఎందుకు?” అని అడిగింది. మేం, “ఆ రోజులు అలాంటివమ్మా” అన్నాం. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో వారానికి సగం మంది రాలేదు.

ఆ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్న. మేం చెప్పిన రెండు గంటల్లో దానికి జవాబు ఒక్క ముక్క కూడా లేదు. ఈ ఏడాది పని అంతా ఆ ప్రశ్న నుంచే మొదలుపెట్టాం. పాలేరు ఎందుకు కదలలేకపోయాడో, కూలి గింజల్లో ఇస్తారా డబ్బుల్లో ఇస్తారా అన్నది ప్రాణం మీదికి వచ్చే తగాదా ఎందుకయిందో పిల్లలకు తెలియాలి. అందుకు ఏమేం కావాలో అవే చెప్పాలని, మిగతా చరిత్రను పక్కన పెట్టాలని అనుకున్నాం. మూడు నెలల్లో పది ఆదివారాలు దీనికే కేటాయించాం.

మొదటి ఆదివారం పుస్తకాలు తేవద్దని చెప్పాం. ఇంట్లో అటక మీద పాత కొలపాత్రలు ఉంటే తెమ్మన్నాం. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అన్నీ చేరాయి. ఒక మామ్మగారు తన పుట్టింటి ఇత్తడి మానికను మనవడి చేత పంపారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ లెక్కను పిల్లలు బియ్యం పోసి చేత్తో కొలిచి నేర్చుకున్నారు. అప్పుడు ఒక పెద్దాయన లేచి కుంచం నిండా గోపురంలా పోసి చూపించారు. తర్వాత చెయ్యి అడ్డంగా రాసి చదును చేసి చూపించారు. “తీసుకునేటప్పుడు అలా, ఇచ్చేటప్పుడు ఇలా కొలిచే ఆసాములు ఉండేవాళ్లు” అన్నారు. కింద రాలిన గింజలను పిల్లలు వేరే కొలిచారు. ఆ ఒక్క కొలతలో నిరుడు రెండు గంటల్లో చెప్పలేనిది వాళ్లకు తెలిసింది.

రెండో వారం ధరల లెక్క. కూలి రోజుకు ఇన్ని గింజలని ఉంటే బజారులో ధర పెరిగినా కూలివాడి గిన్నెలో పడేది తగ్గదు. అదే కూలిని పాత ధరకు కట్టి డబ్బుల్లో ఇస్తే, ధర రెట్టింపయిన రోజున గిన్నెలో సగమే పడుతుంది. పిల్లలు బోర్డు మీద తమకు తోచిన అంకెలతో ఈ లెక్క వేశారు. ఆ తర్వాతే చరిత్రలోకి వెళ్లాం. మొదటి ప్రపంచ యుద్ధం చివరికి వచ్చేసరికి ధాన్యం ధరలు బాగా పెరిగాయి. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా చోట్ల జనం ధాన్యం అంగళ్లను దోచుకున్నారు. ఆ ఏడాదే ఇన్ఫ్లుయెంజా కూడా వచ్చి పడింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పెరిగింది, భూమి విలువ పెరిగింది, అమ్ముకోగలిగిన రైతు చేతిలో డబ్బు ఆడింది. ధర ఎక్కిన గింజను కూలికి కొలిచి ఇవ్వడం కంటే అమ్ముకోవడమే లాభం. నవలలో ఆసామి చౌదరయ్య ఎందుకు డబ్బు కూలి అంటాడో, కూలీల తరఫున నిలిచే సంగదాసు ఎందుకు గింజల కూలి అంటాడో ఈ లెక్క వేసిన పిల్లలకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంకో ఊరు ఎందుకు పోడు అన్న ప్రశ్నకు జవాబు మూడో వారం దొరికింది. ఎనభై దాటిన ఒక తాతగారు వచ్చారు. చిన్నప్పుడు పాలేరుగా చేసినవారు. ఏడాది జీతం ముందే కుదరడం, నడిమధ్యలో పెళ్లికో జబ్బుకో అప్పు తీసుకోవడం, ఆ అప్పు తీరేదాకా అదే గడపలో ఉండిపోవడం, తండ్రి అప్పు కొడుకు మీదికి రావడం, అన్నీ నెమ్మదిగా చెప్పారు. వేరే ఊరు పోతే గుడిసెకు చోటు ఎవరిస్తారు, అక్కడి ఆసామి ఇక్కడి ఆసామికి చుట్టమే కదా అన్నారు. ఆయన చెప్పింది 1950ల నాటి సంగతి, నవల అంతకు ముప్పై ఏళ్ల ముందుది. ఆ తేడా పిల్లలకు చెప్పాం. ఆయన తనంతట తాను వచ్చి మాట్లాడారు. మేం పిలిపించి నిలబెట్టలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, దీని మీద కమిటీలో చాలా చర్చ జరిగింది.

నవల పేరులోనే కులం ఉంది, వాడ ఉంది. మా పిల్లల్లో ఆ వాడ నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఊరి పటం గీయించి నూరేళ్ల కిందట ఎవరు ఏ బావిలో నీళ్లు తోడుకోవచ్చో, ఎవరు ఏ వీధిలో చెప్పులు విడిచి నడవాలో చూపిద్దామని ఒకరు సూచించారు. మంచి ఆలోచనే. అయితే మన ఊరి పటం గీస్తే పక్కన కూర్చున్న పిల్లవాడి ఇంటి మీద వేలు పెట్టినట్టవుతుందని నాకు భయం వేసింది. చివరికి నవలలోని మంగళాపురం పటాన్నే గీయించాం. చదువుతూ పోయేకొద్దీ పిల్లలే అందులో ఇళ్లు, చేలు, వాడ చేర్చుకుంటూ వచ్చారు. ఇది నిజాన్ని దాచడమేనని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. వారి అభ్యంతరాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఏ పిల్లవాడినీ తన కులం తరఫున జవాబు చెప్పమని అడగకూడదు.

స్టూవర్టుపురం తీసుకెళ్లాలన్న ప్రతిపాదననూ అందుకే వద్దనుకున్నాం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసేసింది. అలా ముద్ర పడినవారిని ఉంచడానికి 1910ల్లో బాపట్ల దగ్గర ముక్తిఫౌజు (సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ) చేతుల్లో స్టూవర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. దేశమంతటా ఆ ముద్రను చట్టం తీసెయ్యడానికి 1952 ఆగస్టు 31 దాకా పట్టింది. నవలలో సెటిల్మెంటు ప్రస్తావన వస్తుంది కనుక ఇదంతా గదిలోనే చెప్పాం. ఆ మాటను ఇప్పటికీ మోస్తున్న మనుషులను బస్సు దిగి చూసిరావడం మాత్రం చదువు అనిపించుకోదు.

నాలుగో వారం నుంచి హాలు గోడ పొడవునా ఒక తాడు కట్టాం. దాని మీద చీటీలు గుచ్చాం. 1855 ఆనకట్ట, 1871 చట్టం, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడ్డ ఆంధ్రపత్రిక, 1917 రష్యా విప్లవం. అదే 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన జరిగిన ఆది ఆంధ్ర మహాసభ. పంచములన్న పేరు మాకొద్దు, మేం ఈ నేల తొలి మనుషులం అని ఆ సభ చెప్పింది. ఈ చీటీ దగ్గర పిల్లలు చాలాసేపు ఆగారు. నవల రాకముందే వాడ తన మాట తాను చెప్పుకుందన్నది వాళ్లకు కొత్త. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఆ వాడలో పుట్టినవారు కారు. ప్రేమతో రాశారు, అయినా బయటి నుంచి రాశారు. ఆ దూరం ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూడమని పిల్లలకు చెప్పాం.

1921, 22 చీటీలు దగ్గరదగ్గరగా గుచ్చాల్సివచ్చింది. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశం, చీరాల పేరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టం అని ఇళ్లు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉండటం, పెదనందిపాడు పన్నుల నిరాకరణ, పల్నాడులో పశువుల మేతకు పుల్లరి కట్టబోమన్న పోరాటం, 1922 ఫిబ్రవరిలో ఆ పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతుకు తగిలిన తూటాలు. ఇవన్నీ మన జిల్లా చుట్టుపక్కలే జరిగాయి. పిల్లలు బస్సులో తిరిగే ఊళ్లే. ఆ ఉద్యమంలో జైలుకు వెళ్లి రాయవెల్లూరులో కూర్చుని ఉన్నవ గారు ఈ నవల రాశారు. తాడుకు ఇంకో వైపు పిల్లలు తమ ఇంటి చీటీలు గుచ్చారు. ముత్తాత పుట్టిన ఏడు, తాతమ్మ పెళ్లినాటి ఏడు. తెలియనివాళ్లు ఇంట్లో అడిగి వచ్చారు. ఇద్దరు ముత్తవ్వల పుట్టుక 1922కి పక్కనే పడింది. నూరేళ్లంటే ఎంత దూరమో ఆ పిల్లలకు అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాం. తాడు 1922 దగ్గర ఆగిపోవాలి. జైల్లో కూర్చుని రాసే మనిషికి తర్వాత ఏమవుతుందో తెలియదు. గాంధీ మార్గమా, అటు రష్యా నుంచి వినపడే మార్గమా అన్నది ఆయనకు ఇంకా తేలని ప్రశ్న. నవలలో వెంకటదాసు, సంగదాసు అన్నదమ్ములిద్దరి దారులు వేరవడంలో ఆ ప్రశ్నే నడుస్తుంది. 1947 సంగతి ముందే చెప్పేస్తే చదివే పిల్లలకు అన్నీ తేలిపోయినట్టు ఉంటుంది. కథలో సంగదాసుకు ఏమవుతుందో కూడా చెప్పకూడదని అందరం ఒట్టు పెట్టుకున్నాం. ఒక్కరూ నోరు జారలేదు.

అన్ని వారాలూ బాగా జరిగాయని చెప్పను. ఏడో వారం ఆ కాలపు ప్రభుత్వ సంస్కరణలు, 1919 చట్టం, జస్టిస్ పార్టీ మంత్రివర్గం గురించి చెబితే పిల్లలు కిటికీలోకి చూస్తూ కూర్చున్నారు. అది వాళ్ల తప్పు కాదు. ఆ పాఠం నవలలో ఏ మనిషికీ అంటుకోదు. వచ్చేసారి తీసేస్తాం. భాష గురించి మేం టెన్షన్ పడ్డంత ఇబ్బంది రాలేదు. గుంటూరు సీమ వాడుక మాటలు చాలావరకు పిల్లల అమ్మమ్మల నోట ఇప్పటికీ ఉన్నాయి. తెలియనివి వాళ్లనే అడిగి వచ్చారు.

తర్వాత చదువు మొదలైంది. మొదటి భాగం పూర్తిగా కలిసి చదివాం, మిగతా భాగాల్లో ఎంచిన ప్రకరణాలు. ఇరవై ఆరుగురితో మొదలుపెట్టి ఇరవై ఇద్దరితో ముగించాం. మానేసిన నలుగురిలో ముగ్గురు హాస్టళ్లకు వెళ్లినవాళ్లు. కూలి తగాదా వచ్చిన రోజు ఒక పిల్లవాడు లేచి వెళ్లి అల్మారాలోంచి కుంచం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఆ రోజంతా కుంచం అక్కడే ఉంది. నిరుడు ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఇంటర్. ఈ ఏడాది మళ్లీ వచ్చింది. ఈసారి చౌదరయ్య వైపు నుంచి వాదించింది. పొరుగు ఆసాములందరూ డబ్బు కూలే ఇస్తుంటే అతనొక్కడూ గింజలు కొలవగలడా అని అడిగింది. గంటన్నర వాదన జరిగింది. మా సీనియర్ సభ్యులు ఇద్దరు కూడా తెగని వాదనతోనే ఇంటికి వెళ్లారు.

పుస్తకం అయిపోయాక తాడును 1922 దాటించాం. 1923లో మద్రాసు ప్రభుత్వం నవలను నిషేధించిందని చెప్పి, ఏ పేజీలు చూసి భయపడి ఉంటారో మీరే వెతకండి అన్నాం. పిల్లలు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని వచ్చారు. సమ్మె అన్నవాళ్లు కొందరు, జైలు వర్ణన అన్నవాళ్లు కొందరు, అసలు వాడలో మనిషి నాయకుడు కావడమే అన్నవాళ్లు కొందరు. తర్వాత మిగతా కథ చెప్పాం. 1928లో కొన్ని భాగాలు తీసేసి బయటికి రానివ్వడం, 1936లో మళ్లీ నిషేధం, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దాన్ని ఎత్తివేయడం. పిల్లల గుర్తులున్న ప్రతిని లైబ్రరీలో వేరుగా ఉంచాం. చూడాలనుకునేవారు అడిగి తీసుకోవచ్చు.

వచ్చే ఏడాదికి వట్టికోట ఆళ్వారుస్వామి గారి తెలంగాణ నవల ‘ప్రజల మనిషి’ అనుకుంటున్నాం. ఇది మనకు ఇంకా కష్టం. నిజాం పాలన, వెట్టిచాకిరి, దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాముల గడీలు (కోటల్లాంటి ఇళ్లు), 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ, లైబ్రరీ పెట్టుకోవడమే ఒక ఉద్యమమైన రోజులు మన పిల్లలకే కాదు, మనలో చాలామందికీ పైపైనే తెలుసు. మనం కంపెనీ వారి, తెల్లదొరల రాజ్యంలో పెరిగిన కుటుంబాల వాళ్లం. అందుకని సభ్యులకు ఒక విన్నపం. మీ వియ్యంకులు, అల్లుళ్లు, కోడళ్లు, వారి పెద్దవాళ్లు తెలంగాణ జిల్లాల వారైతే, అక్కడి గడీ రోజులు గుర్తున్న పెద్దలు మాట్లాడటానికి ఇష్టపడితే, వారి పేర్లు సర్వసభ్య సమావేశం లోపు లైబ్రరీ రిజిస్టర్‌లో రాయించండి. రాలేనివారి దగ్గరికి మేమే వెళ్లి విని వస్తాం. పాత నిజాం నాణేలు, ఉర్దూలో ఉన్న భూమి కాగితాలు, అక్కడి కొలపాత్రలు ఉంటే కొద్ది వారాలకు అరువివ్వండి. మామ్మగారి ఇత్తడి మానిక తిరిగి ఇచ్చేశాం, దాని మీద చిన్న నొక్కు కూడా పడలేదు.

– కార్యదర్శి